తుగ్లక్ క్రూరుడా, తిక్కవాడా?

ప్రశ్న (అమలాపురం): టీవీ చర్చల్లో "తుగ్లక్ పాలన" అంటే తలాతోకా లేని నిర్ణయాలనే అర్థం. మన కోనసీమ విలస తామ్రశాసనంలో ఆ పాలన వేరేగా కనిపిస్తుంది. ఒకే మనిషికి రెండు నిందలు ఎలా వచ్చాయండీ?

రాజమహేంద్రవరం: విలస శాసనం, ఢిల్లీ సేనల మీద తిరగబడ్డ ముసునూరి ప్రోలయ నాయకుడిది. 1323లో ఓరుగల్లు పడ్డాక ఢిల్లీ వాళ్లు డబ్బున్నవాళ్లను హింసించి సొమ్ము గుంజారని, అగ్రహారాలు లాక్కున్నారని వాపోతుంది. అక్కడి నింద క్రూరత్వం. ఓరుగల్లు మీదికి దండు నడిపిన ఉలుగ్ ఖానే 1325లో మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కాడు. మా ఊరి పాత మసీదులో 1324 నాటి పర్షియన్ శాసనం ఉంది, తండ్రి గియాసుద్దీన్ ఏలుబడిలోది. ఇదేదీ నేటి తిట్టులోకి ఎక్కలేదు. ఆ తిట్టు బడిలో చదివిన ఢిల్లీ చరిత్రలోంచి వచ్చింది: 1327 ప్రాంతంలో రాజధానిని దౌలతాబాద్‌కు మార్చడం, ఆ తర్వాత వెండి టంకా విలువకే రాగి, ఇత్తడి నాణేలు చెలామణీ చేయడం. నకిలీని అరికట్టే ఏర్పాటు లేక జనం ఇళ్లలోనే ముద్రించుకున్నారు, చివరికి ఖజానా వెండి చెల్లించి ఆ నాణేలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2019 చివర్లో మూడు రాజధానుల మాట రాగానే ప్రతిపక్షం నోట ఈ పేరు వినబడింది అందుకే. రాజధాని, నాణెం, పన్ను అయితే పోలిక అతుకుతుంది. పోలీసు జులుం గురించి తుగ్లక్ అంటే వినేవాడికి అందదు. అక్కడ హిట్లరే పలుకుతాడు.

భీమవరం: ఔరంగజేబు ఇంకా చిత్రం. ఉత్తరాదిన ఆ పేరెత్తితే గుళ్లు, 1679 నాటి జిజియా (ముస్లిమేతరుల మీద పన్ను). మన రాజకీయాల్లో మాత్రం 1995లో ఎన్టీఆర్ అల్లుణ్ణి అలా అన్నది ఔరంగజేబు 1658లో తండ్రిని ఆగ్రా కోటలో బంధించిన సంగతిని తలచుకుని. మతం ఊసే లేదు. రెండు అర్థాలూ తెలియకుండా హిందీ చర్చను తెలుగులోకి దించితే గొడవ తప్పదు.

అమలాపురం: మరి కాలువ చివరనున్న శివారు భూములకు నీళ్లు రాకపోతే ఎవరితో పోల్చాలి? పోస్టర్లలో సైంధవుడని రాస్తున్నారు.

రాజమహేంద్రవరం: అందరికీ సైంధవుడు నప్పడండి. అతను నిలబడి అడ్డుకున్నవాడు. శివుడి వరంతో ఒక్కరోజు, అర్జునుడు లేనప్పుడు, మిగతా నలుగురినీ పద్మవ్యూహం ముఖద్వారం దగ్గరే ఆపేశాడు. ఎగువన కావాలని తూము మూసినవాడికి ఆ పేరు సరే. లాకు తలుపు ఎత్తాలని తెలిసీ పడుకున్నవాడు కుంభకర్ణుడు. పురాణాల్లోవాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కటే పేరుబడ్డ పని కాబట్టి తూకం చెడదు.

భీమవరం: నీరో కూడా ఉన్నాడుగా!

రాజమహేంద్రవరం: ఉన్నాడు గానీ ఫిడేలు కట్టుకథ. క్రీ.శ. 64లో రోమ్ తగలబడేనాటికి ఆ వాద్యమే పుట్టలేదు, మంటలు మొదలైనప్పుడు ఆయన రోమ్‌లో కాక ఆంటియం అనే ఊళ్లో ఉన్నాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. శివారు రైతు పోస్టరుకు కుంభకర్ణుడే మేలు. ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.