పాత కార్బన్ సైక్లోక్రాస్ బైక్ కొని కంకర రోడ్లకి వాడొచ్చా? (కాన్సాస్)

చెకుముకి:

అందరికీ నమస్తే. కాన్సాస్‌లో ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉంటాను. వయసు 43, బరువు 78 కిలోలు. ఆరేళ్లుగా రోడ్ బైక్ తొక్కుతున్నాను. అల్యూమినియం ఫ్రేమ్, 28 మి.మీ. టైర్లు. మొన్న మేలో ఒక ఫ్రెండ్ మాట విని దాని మీదే కాటన్‌వుడ్ ఫాల్స్ దగ్గర కంకర రోడ్లెక్కాను. ఇరవై మైళ్లలో రెండుసార్లు టైరు పోయింది. మొదటిది మామూలు పంక్చరే. రెండోసారి టైరు పక్కభాగం బ్లేడు పెట్టి కోసినట్టు తెగింది. డాలర్ నోటు మడిచి లోపల అడ్డం పెట్టి, దేవుడి మీద భారం వేసి కారు దాకా వచ్చాను.

ఆ కొండల పేరే ఫ్లింట్ హిల్స్. ఫ్లింట్ అంటే మన చెకుముకి రాయి అని ఇంటికొచ్చి వెతికితే గాని తట్టలేదు. మా తాతయ్య మాచర్లలో చుట్ట ముట్టించుకోవడానికి ఆ రాయి, ఇనప ముక్క, కాస్త దూది ఒక చిన్న సంచిలో వేసుకుని తిరిగేవారు. నలభై ఏళ్ల తర్వాత అదే రాయి నా టైర్ల మీద పడింది. సున్నపురాయి కరిగిపోయి చెకుముకి మిగిలిపోయిన నేల కాబట్టి అక్కడ నాగలి దిగలేదట. అందుకే ఆ పొడుగు గడ్డి మైదానం ఇన్నాళ్లూ బతికింది. సాయంత్రం ఆ గడ్డి మీద గాలి పోతుంటే చూడాలి! అందుకే మళ్ళీ వెళ్లాలని ఉంది.

అసలు విషయం. ఇక్కడ ఒకతను 2018 కానన్‌డేల్ సూపర్‌ఎక్స్ అమ్ముతున్నాడు. కార్బన్ ఫ్రేమ్, డిస్క్ బ్రేకులు, శ్రామ్ ఫోర్స్ 1 గేర్లు. ముందు ఒకటే పళ్ళ చక్రం, 40 పళ్ళు; వెనక 11 నుంచి 32 పళ్ళు. సైక్లోక్రాస్ రేసులు, అంటే బురదలో, గడ్డిలో, అడ్డంకులు దాటుతూ తొక్కే పోటీలు, ఆడేవాడట. రెండు జతల వీల్స్ ఇస్తానంటున్నాడు, ఒక జత ట్యూబులర్. ధర 1,400 డాలర్లు. అదే డబ్బుకి కొంచెం అటూఇటూగా కొత్త అల్యూమినియం గ్రావెల్ బైక్, అంటే కంకర రోడ్ల కోసమే చేసినది, వస్తుంది. నా మొత్తం బడ్జెట్ 2,000. వచ్చే ఏడాది ఎంపోరియాలో జరిగే అన్‌బౌండ్ కంకర రేసులో 100 మైళ్లు పూర్తి చేయాలని కోరిక. 200 నా వల్ల కాదు.

40 టైరు పడుతుందా? గేర్లు సరిపోతాయా? రేసు కోసం చేసిన బైక్ మీద ఏడెనిమిది గంటలు కూర్చోగలనా? ఇంకో మాట, ట్యూబులర్ అంటే ట్యూబ్‌లెసే కదా?

గొలుసు మామ:

తమ్ముడూ, ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడే డబ్బులు పోతాయి. ట్యూబులర్ వేరు, ట్యూబ్‌లెస్ వేరు. ట్యూబులర్ టైరుని రిమ్ముకి జిగురుతో అంటిస్తారు, ట్యూబు దాని లోపలే కుట్టేసి ఉంటుంది. ట్యూబ్‌లెస్‌లో అసలు ట్యూబే ఉండదు, చిల్లు పడితే లోపల పోసిన ద్రవం (సీలెంట్) పూడుస్తుంది. బురదలో 20 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలితో రేసు ఆడేవాళ్లకి అది బంగారం. గడ్డి మైదానం మధ్యలో అది తెగితే నువ్వు చేయగలిగింది ఏమీ లేదు. ఆ జత నీకెందుకు? అది తీసేసి ధర చెప్పమను.

రెండోది, ఆ ఫ్రేమ్ వెనక వీల్ సంగతి. సూపర్‌ఎక్స్‌లో వెనక భాగాన్ని 6 మి.మీ. గొలుసు వైపుకి జరిపి కట్టారు. చైన్‌స్టేలు (పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రానికి వెళ్లే గొట్టాలు) పొట్టిగా ఉంచి కూడా టైరుకి చోటు దొరకాలని అలా చేశారు. అంచేత వెనక వీల్ రిమ్ము హబ్బు (చక్రం మధ్య భాగం) మీద 6 మి.మీ. గొలుసు లేని వైపుకి లాగి ఉండాలి. దీనివల్ల రెండు వైపులా స్పోకుల బిగువు దాదాపు సమానంగా ఉంటుంది, వీల్ గట్టిది. కానీ బయట కొన్న వీల్ తెచ్చి పెడితే టైరు ఒక పక్కకి పోయి కూర్చుంటుంది. నేను అలాంటి ఫ్రేమ్ వాడినప్పుడు ఈ సంగతి చదవకుండా ఫ్రెండ్ వీల్ పెట్టి, ఫ్రేమ్ వంకర పోయిందని రాత్రంతా టెన్షన్ పడ్డాను. తప్పు నాదే. వీల్స్ బిగించేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే స్పోకులు సర్ది ఇస్తారు. కానీ నీకు నచ్చిన వీల్ ఏదైనా ఆన్‌లైన్‌లో కొని తగిలించేద్దామంటే కుదరదు, అది గుర్తుపెట్టుకో.

టైరు సంగతి. సైక్లోక్రాస్ రేసుల్లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ) రూలు ప్రకారం టైరు 33 మి.మీ. దాటకూడదు. కాబట్టి ఫ్రేమ్ చేసేవాళ్లు 33 టైరు, దాని చుట్టూ బురద పోయేంత చోటు లెక్క వేస్తారు. ఆ బురద చోటునే మనం లావు టైరుకి వాడుకుంటాం. పొడి నేల మీద పర్వాలేదు. బురద వస్తే మాత్రం రెండూ కావాలంటే దొరకవు. 2023లో నేను అన్‌బౌండ్ 200 మైళ్లది మొదలుపెట్టాను. పదిహేను మైళ్లు కూడా కాకముందే మట్టి రోడ్డు వేరుశనగ ముద్దలా అయిపోయింది. నా 42 టైరుకీ ఫ్రేముకీ మధ్య ఉన్న సందు నిమిషంలో పూడిపోయింది, చక్రం తిరగలేదు. బైక్ భుజాన వేసుకుని గడ్డిలో నడిచాం. బురద గీకడానికి పెయింట్ కలిపే చెక్కపుల్ల ఒకటి జేబులో పెట్టుకున్నవాడే తెలివైనవాడు. చుట్టుపక్కల ఎన్ని హ్యాంగర్లు (గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్కలు) విరిగాయో లెక్కే లేదు.

కాబట్టి కాగితం మీద రాసిన సైజు నమ్మకు. రిమ్ము వెడల్పుని బట్టి 38 టైరు 40 కూడా అవుతుంది. వెళ్లేటప్పుడు 4, 5, 6 మి.మీ. ఆలెన్ కీలు పట్టుకెళ్లు. ఉన్న టైరుకీ చైన్‌స్టేకీ మధ్య, రెండు వైపులా, పైన సీట్‌స్టేల (సీటు కింది నుంచి వెనక చక్రానికి దిగే గొట్టాలు) దగ్గర కూడా దూర్చి చూడు. కొత్త టైరు ఎంత లావో లెక్కేసుకున్నాక కూడా ప్రతి వైపూ కనీసం 4 మి.మీ. మిగలాలి.

గేర్లు: 40కి 32 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకటింపావు చుట్లు తిరుగుతుంది. గంట రేసులో కుర్రాళ్లకి అది చాలు. ఫ్లింట్ హిల్స్‌లో పెద్ద కొండలు లేవు గాని, చిన్న ఎత్తులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఎనభయ్యో మైలు దగ్గర మోకాళ్లు నిన్ను తిడతాయి. 11-42 క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల కట్ట) వేసుకో, అది మామూలు షిమానో తరహా హబ్బు మీదే కూర్చుంటుంది. 10-42 అయితే వేరే డ్రైవర్ (హబ్బు మీద క్యాసెట్ కూర్చునే ముక్క) కావాలి, దాని జోలికి పోకు. వెనక డిరైలర్ కేజ్ (గొలుసుని పట్టే కింది చేయి) మీడియమా లాంగా చూడు. మీడియం అయితే 36 పళ్ళ దాకానే.

రవ్వలడ్డు:

ఇంత బాధ ఎందుకు? కొత్త గ్రావెల్ బైక్ కొనుక్కోండి. జూన్ మొదట్లో కాన్సాస్ ఎండలో 100 మైళ్లంటే నీళ్లు ఎక్కడ పెట్టుకుంటారు? సైక్లోక్రాస్ రేసు గంటలో అయిపోతుంది, అందుకే ఆ ఫ్రేముల మీద రెండు బాటిళ్లకి మించి చోటు ఉండదు. గ్రావెల్ బైక్‌కి కింద మూడోది, టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) మీద సంచీకి స్క్రూలు, అన్నీ ఉంటాయి. వారంటీ కూడా ఉంటుంది. చాలా కంపెనీల ఫ్రేమ్ వారంటీ మొదట కొన్నవాళ్లకే. కార్బన్ అనే మాట వినగానే మనవాళ్లకి చేతులు దురద పెడతాయి.

శంకర్‌పల్లి రైడర్:

హైదరాబాద్ నుంచి. నేను వికారాబాద్, అనంతగిరి వైపు మొరం రోడ్ల మీద నాలుగేళ్లుగా సైక్లోక్రాస్ బైకే తొక్కుతున్నాను. 35 టైర్లతో హాయిగా ఉంది. మన ఎర్రమట్టి జారుతుంది గాని కొయ్యదు. మీ చెకుముకి సంగతి వేరనుకోండి.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, సైక్లోక్రాస్ బైక్‌లో పెడల్ ఇరుసు కొంచెం ఎత్తులో ఉంటుంది, అడ్డంకుల దగ్గర పెడల్ తగలకుండా. మీరు 33 తీసి 40 వేస్తే ఇంకో 6, 7 మి.మీ. పైకి లేస్తారు. వదులు కంకర మీద వేగంగా దిగేటప్పుడు గ్రావెల్ బైక్‌లో బైక్ లోపల కూర్చున్నట్టుంటుంది, దీనిలో పైన కూర్చున్నట్టుంటుంది. ఒక నెలలో అలవాటైపోతుంది. మెల్లగా మలుపు తిప్పేటప్పుడు బూటు కొస ముందు టైరుకి తగలొచ్చు, అది చూసుకోండి.

ఒక్కటి మాత్రం నా అనుభవంతో చెప్తాను. ఆ ఫ్రేముకి సరిపోయే డిరైలర్ హ్యాంగర్లు ఇప్పుడే రెండు కొని పెట్టుకోండి. నాది విరిగినప్పుడు అది వచ్చేదాకా ఆరు వారాలు బైక్ గోడకి ఆనించి ఉంది.

చెకుముకి:

అందరికీ థాంక్స్. మామగారూ, మీరు చెప్పినట్టే ఆలెన్ కీలు జేబులో వేసుకుని శనివారం వెళ్లాను. అమ్మేవాడు నన్ను చూసి నవ్వాడు. ఆ తర్వాత తనే టార్చి పట్టుకున్నాడు.

చూసినవి చెప్తాను. కుడి చైన్‌స్టే లోపలి వైపు, ముందు పళ్ళ చక్రం వెనకాల, గొలుసు ఇరుక్కుని గీసిన గీతలున్నాయి. బురద రాపిడికి రెండు వైపులా పెయింట్ పోయింది. క్వార్టర్ బిళ్ళతో ఫ్రేమ్ అంతా కొట్టి చూశాను, కొబ్బరికాయ కొనేటప్పుడు చూస్తామే, అలాగ. ఎక్కడా బోలు శబ్దం రాలేదు. గీత మీద గోరు పెట్టి లాగితే పెయింట్‌లోనే ఆగింది, లోపల నారలు కనిపించలేదు. సీట్‌పోస్ట్ ఊడదీయమన్నాను, తేలిగ్గానే వచ్చింది. పెడల్ ఇరుసు దగ్గర మాత్రం కిర్రుమంటోంది. ప్రెషర్ వాషర్‌తో కడిగేవాడివా అని అడిగితే, రేసు మధ్యలో అందరూ అలాగే కడుగుతారన్నాడు. బేరింగులు పోయాయన్నమాట.

వెనక వీల్ రిమ్ము ఫ్రేమ్‌కి సరిగ్గా మధ్యలోనే ఉంది, అంటే ఇది ఆ ఫ్రేమ్‌కి సర్దిన వీలే. ఉన్నవి 33 టైర్లు. లెక్క వేస్తే 38 కి ప్రతి వైపూ 5 మిగులుతుంది. ట్యూబులర్ జత వద్దని, బేరింగుల మాట ఎత్తి, 1,100కి తెచ్చాను. రవ్వలడ్డు గారూ, చేతులు దురద పెట్టిన మాట నిజమే, ఒప్పుకుంటున్నాను.

డిరైలర్ మీడియం కేజే. పాత లాంగ్ కేజ్ ఒకటి 90కి దొరికింది, 11-42 క్యాసెట్ 75, కొత్త గొలుసు 35, 38 సైజు గ్రావెల్‌కింగ్ ఎస్‌కే టైర్లు జత 110, సీలెంటూ వాల్వులూ 40, బేరింగులు కూలితో కలిపి 120, హ్యాంగర్లు రెండు 50. ఇప్పటికి 1,620. చౌక బేరం అనుకున్నది అంత చౌక కాదు. ముందే కూడుకుని ఉంటే అమ్మేవాడి దగ్గర ఇంకో వంద తగ్గించేవాణ్ణి.

గొలుసు మామ:

బాగా కొన్నావు. పాత గొలుసు కొలత చూసి కొత్తది కొయ్యొద్దు, 42 పళ్ళ మీద చుట్టి కొలువు. బీ-స్క్రూ (డిరైలర్‌ని క్యాసెట్‌కి ఎడంగా జరిపేది) కూడా సర్దాలి, లేకపోతే డిరైలర్ పై చిన్న చక్రం క్యాసెట్‌ని గీరుకుంటుంది. సీట్‌పోస్ట్‌కి గ్రీజు కాదు, కార్బన్ పేస్ట్ రాయి. టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచేది) లేకుండా ఒక్క బోల్టు కూడా బిగించకు. బోల్టు దగ్గర ఎంత రాసి ఉంటే అంతే. గాలి ఎంత కొడుతున్నావు?

చెకుముకి:

గాలి సంగతి అడిగారు, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. మొదటి రోజు రోడ్ బైక్ అలవాటులో 60 పీఎస్ఐ కొట్టాను. పది మైళ్లకి పళ్ళు కదిలినంత పనైంది. ఆగి, తీసి, చివరికి ముందు 33, వెనక 36 దగ్గర కుదిరింది. బైక్ మారిందా అనిపించింది. ఇన్ని డాలర్లు పోసి చేసిన మార్పులన్నిటికన్నా ఆ ఉచితంగా వదిలేసిన గాలే ఎక్కువ తేడా చూపించింది.

నిన్న కాటన్‌వుడ్ ఫాల్స్ నుంచి 42 మైళ్లు తొక్కాను. 40కి 42తో ఎక్కడా దిగలేదు, ఒక్క ఎత్తు మీద తప్ప. అక్కడ గేరు తప్పు కాదు, ఆవుల మంద రోడ్డుకి అడ్డంగా నిలబడింది. ముప్పయ్యో మైలు దగ్గర వెనక టైరు బుస్సుమంది. సీలెంట్ తెల్లగా చిమ్మి కాలి మీద పడింది, కాని గాలి ఆగలేదు. చిల్లులో రబ్బరు పుల్ల ఒకటి గుచ్చి, పంపు కొట్టి, అయిదు నిమిషాల్లో బయల్దేరాను. లోపలికి దిగిన రాయి ముక్కని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. గోరంత ఉంది. గ్యారేజీలో స్క్రూడ్రైవర్‌కి కొట్టి చూశాను. నిజంగానే నిప్పు రవ్వ లేచింది. మా అబ్బాయి పదిసార్లు కొట్టించుకున్నాడు.

శంకర్‌పల్లి అన్నా, బూటు తగులుతోంది, మీరన్నట్టే. మెల్లగా తిరిగేటప్పుడే గాబట్టి సర్దుకుంటున్నాను. రెండు బాటిళ్లు 42 మైళ్లకే అయిపోయాయి, ఆ విషయంలో రవ్వలడ్డు గారిదే గెలుపు. వీపుకి నీళ్ల సంచీ తగిలించుకుంటాను, వేరే దారి లేదు.

మా ఆవిడ షరతు ప్రకారం గ్యారేజీలోంచి ఒకటి వెళ్లిపోవాలి. పాత రోడ్ బైక్, 54 సైజు, ఒక టైరు కొత్తది, రెండోదాని లోపల డాలర్ నోటు ఇంకా ఉంది. కాన్సాస్ సిటీ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే చెప్పండి.