రోజూ తోముతున్నా పళ్లు ఎందుకు పుచ్చుతున్నాయి?

ప్రశ్న: రెండు పూటలా తోముతాను. అయినా దవడ పళ్ల మధ్య మళ్లీ పుచ్చు ఉందన్నారు డాక్టరు. పేస్టు మార్చాలా?

జవాబు 1: బ్రష్ కుచ్చు పళ్ల సందుల్లోకి వెళ్లదండీ, అక్కడ ఫ్లాస్ దారమే దిక్కు. పేస్టులో ఫ్లోరైడ్ (పంటిని పుచ్చకుండా గట్టిపరిచే పదార్థం) 1000-1500 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు, ఉందో లేదో ట్యూబు వెనక చూడండి.

జవాబు 2: అసలు సంగతి తీపి. అది తగిలిన ప్రతిసారీ నోట్లో బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది, పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కిందికి పడితే పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్ కరగడం మొదలు, లాలాజలం దాన్ని సర్దేలోపే మీరు ఇంకో గుక్క కూల్‌డ్రింక్ తాగితే పంటికి కోలుకునే టైమెక్కడిది? ఎంత తిన్నారన్నదే కాదు, ఎన్నిసార్లు అన్నదీ లెక్కే.

ప్రశ్న అడిగినవారు: ఫ్లాస్ పెడితే రక్తం వస్తోందే?

జవాబు 1: చిగుళ్లు వాచి ఉంటే మొదట్లో వస్తుంది, భయపడి మానకండి. రెండు వారాలైనా ఆగకపోతే చూపించుకోండి. అన్నట్టు, తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి, పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కాస్తా కొట్టుకుపోతుంది.