దివాంధం, పైడికంటి, గూబ: ఏది ఏ పిట్ట?

ప్రశ్న (గుత్తి): గుడ్లగూబకు పర్యాయపదాలు వెతికితే పైడికంటి, ఉలూకం, ఘూకం, దివాంధం, దివాభీతం అని వరసబెట్టి ఉండాయి. ఇవన్నీ ఒకే పక్షికా? మా కోట గుట్టల్లో చెవులు నిక్కబొడుచుకోని కూచునే పెద్దదాన్ని మేం ఉత్త గూబ అనే అంటాం. ‘గూబ పగులుతుంది’ అనేదాంట్లో గూబ కూడా ఇదేనా?

జవాబు (అనంతపురం): అన్నా, గూబ అనేది జాతి మొత్తానికీ చెల్లే మాట. మడకశిర దాటితే కన్నడం వాళ్ళూ గూబె అనే అంటారు. పైడికంటి మాత్రం కంటి రంగును బట్టి వచ్చింది, పైడి అంటే బంగారం కదా. ఊర్లో చింతమాను తొర్రలో కిచకిచలాడే జానెడు పిట్టకు కళ్ళు పసుప్పచ్చగా ఉంటాయి, నా లెక్కన ఆ పేరు దానికే బాగా అతుకుతుంది. నువ్వు చెప్పే గుట్టల గూబ 50 సెంటీమీటర్లు దాటే పక్షి, దాని కళ్ళు నారింజ రంగు. చెరువుల పక్కన చేపల్ని పట్టే ఇంకో పెద్ద గూబ ఉంది, దాంతో కలపొద్దు.

ఇక ఆ చెవులు చెవులే కావు, ఈకల కుచ్చులు. అసలు చెవులు తలకు రెండు పక్కలా ఈకల కింద ఉంటాయి. చెంపదెబ్బకు పగిలే గూబ మన చెవి గూబ. ఆ రెంటికీ చుట్టరికం కలపడం నాకు ఇష్టంలేదు.

నాకు కోపం వచ్చేది దివాంధం మీద. పగలు గుడ్డిదట! గుట్టల గూబ పొద్దెక్కినాక కూడా బండ అంచున కూచోనుంటుంది, పొద్దు గుంకక ముందే మళ్ళీ బయటికొస్తుంది. మనిషి దగ్గరికి పోతే దూరం నుంచే చూసి లేచిపోతుంది. దివాభీతం కొంత నయం, పగలు కాకులు మూగి తరుముతాయి కాబట్టి. కాకికి శత్రువని వాయసారాతి అనే పేరూ ఉంది.

మరో జవాబు (బేతంచెర్ల): గూడు సంగతీ చెప్పన్నా. గుట్టల గూబ పుల్లలు పేర్చదు. రాతి అరుగు మీదనో పొద కిందనో ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది, ఎక్కువగా మూడు నాలుగు. పొదగడానికే నెల పైన పడుతుంది. అనువైన చోటు దొరికితే ఏటేటా అక్కడికే వస్తుంది. ఆ బండనే క్వారీవాళ్ళు మందుపెట్టి పేలిస్తే యాడికి పోవాల? చేలల్లో ఎలకల్నీ పందికొక్కుల్నీ తినేది ఇదే, మనం చూస్తే ఎలకల మందు పెడతాం, ఆ మందు తిన్న ఎలకను ఇది తింటుంది.

అనంతపురం: నిజం. ప్రపంచం మొత్తమ్మీద చూస్తే ఈ జాతికి ఇప్పటికిప్పుడు అంతరించే ముప్పు లేదు, అయితే దీపావళి ముందు క్షుద్రపూజలకని గూబల్ని పట్టి అమ్మేవాళ్ళున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టడం, చంపడం, అమ్మడం అన్నీ నేరమే. ఇంటిమీద వాలితే ఇల్లు పాడుపెట్టి పోయే మనుషుల్నీ చూసినాం.

కడప నుంచి తెలుగు టీచర్: దివాంధం మీద అంత కోపమొద్దు సార్. పరీక్షలో పర్యాయపదంగా రాసిన పిల్లలకు మార్కు వేయక తప్పదు. వ్యుత్పత్తి అడిగినప్పుడు మాత్రం ‘పగలు కనిపించనిది’ అని రాయించి, పక్కనే ‘కనిపిస్తుంది’ అని చెప్తాను.

గుత్తి: అట్లైతే గుట్టల గూబ అనే రాసుకుంటా.