అమ్మానాయనలకి పోర్టికోలో గది కట్టాలా, కింది పోర్షన్ ఖాళీ చేయించాలా?

ఒంగోలు, లాయర్‌పేట (ప్రశ్న నాది)
మాది రెండంతస్తుల ఇల్లు. పైన మేం, కింద అద్దెకున్నవాళ్లు. నెలకి వచ్చే 9,000 హోమ్ లోన్‌లోకే పోతుంది. నాయనకి 77, అమ్మకి 72, కొండపి పక్కన ఊళ్లో ఇద్దరే ఉంటారు. పోయిన నెల మా ఇంటికొచ్చినప్పుడు అమ్మ మెట్లెక్కుతుంటే వెనకే ఉన్నా. మలుపు దగ్గర రెండు చేతులూ గోడకి ఆనించి, కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కింది. వాళ్లు ఊరికి పోయాక చూస్తే ఆ గోడ మీద రెండు అరచేతుల నూనె మరకలు. ఇప్పటిదాకా తుడవలేదు. కింద వాళ్లని ఖాళీ చేయించమంటుంది మా ఆవిడ. పోర్టికో మూసేసి గది చేస్తే అద్దె పోదు కదా అంటాడు తమ్ముడు. మేస్త్రీ రెండున్నర లక్షలు చెప్పాడు. ఏం చేయమంటారు?

కావలి
పోర్టికోనే చెయ్యన్నా. మేం అట్టాగే చేశాం, మా అత్తమ్మ నాలుగేళ్లుగా అందులోనే ఉంది. రోడ్డు మీద వచ్చేపోయేవాళ్లు కనిపిస్తారు, కూరగాయల బండి గుమ్మం ముందే ఆగుతుంది, ఆమెకి పొద్దుపోతుంది. అద్దె వదులుకుంటే కంతు ఎవరు కడతారు? రెండు నెలలకే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, అది చివరికి ముసలివాళ్ల మీదకే వస్తుంది.

సింగరాయకొండ (సివిల్ పనులు చేస్తా)
మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చేముందు పోర్టికో కింద ఏముందో చూడండి. మన వైపు చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకో నీళ్ల సంపో అక్కడే ఉంటుంది. దాని మూత మీద మంచం వేసి మనుషుల్ని పడుకోబెట్టకూడదు. ట్యాంకు ఎండాకాలంలో నిండిందంటే ఆ గదిలో ఎవరూ నిలవలేరు. రెండోది, పడమటి ముఖం ఇల్లయితే నాలుగున్నర అంగుళాల గోడతో కట్టిన గది రోహిణి కార్తెలో పొయ్యే.

అసలు గది కన్నా ముందు బాత్రూం సంగతి తేల్చుకోండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే, పడినవాళ్లు దానికి అడ్డంగా ఉంటే బయటివాళ్లు తోసినా రాదు, ఆ ఇబ్బంది నేను కళ్లారా చూశా. మామూలుగా పెట్టే రెండున్నర అడుగుల తలుపు చాలదు, రేపు చక్రాల కుర్చీ వస్తే మూడడుగులు కావాలి. పట్టుకునే కడ్డీ టైల్‌కి అతికించేది కొనొద్దు, ఇటుకలోకి డ్రిల్ చేసి బిగించేది పెట్టండి. ర్యాంప్‌కి అంగుళం ఎత్తుకి అడుగు పొడవు లెక్క. అంటే మూడు మెట్లు, 18 అంగుళాలు ఎక్కాలంటే 18 అడుగులు. అంత చోటు మీ వాకిట్లో ఉందా?

నెల్లూరు, వేదాయపాళెం
అందరూ గది గురించే చెప్తున్నారు, వాళ్లిద్దర్నీ అడిగారా? మా నాయన్ని పొదలకూరు వైపు ఊరి నుంచి తెచ్చుకున్నాం. నాలుగింటికి లేచి తన టీ తనే పెట్టుకునే మనిషి. మా వంటగదిలో చప్పుడైతే పిల్లలు లేస్తారని ఆరున్నర దాకా మంచం మీదే కూర్చునేవాడు, ఏడాది పాటు నాకు ఆ సంగతే తెలియదు. తెలిసిన రోజు ఏడ్చాను. ఏ గది ఇచ్చినా అందులో ఒక చిన్న పొయ్యి, వాళ్ల గిన్నెలు, వాళ్లకంటూ ఒక తలుపు ఉండాలి. కుదరకపోతే ఊళ్లో ఇల్లే బాగుచేయించండి, ఒంగోలుకి తేవద్దు.

కావలి
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ ఊళ్లో రాత్రి పూట పడితే ఎవరు చూస్తారు? 108 వచ్చినా ఎక్కించడానికి ఇంట్లో మనిషి ఉండాలి కదా.

కనిగిరి
ఇంకో మాట. ఖర్చుకని పెద్దాయన పొలం అమ్మడమో, మీ పేరున రాయడమో చేస్తానంటే తొందరపడొద్దు. రాసేటట్టయితే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, షరతు రాసుండి, చూసుకోకపోతే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయొచ్చు. మీరు చూసుకోరని కాదు, అన్నదమ్ముల మధ్య రేపు మాట రాకుండా ఉంటుందని చెప్తున్నా.

ఒంగోలు, లాయర్‌పేట
అందరికీ దండాలు. ఆదివారం టేపు పట్టుకుని కొలిచా. పోర్టికో కింద సెప్టిక్ ట్యాంకే ఉంది, కాబట్టి ఆ ఆలోచన మానేశాం. తమ్ముడు కూడా వచ్చి చూసి ఒప్పుకున్నాడు, అద్దె పోయే దాంట్లో నెలకి సగం వాడు వేస్తానన్నాడు. నాయనకి ఫోన్ చేసి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "పొగాకు పని అయిపోయాక చూద్దాంలేరా, మీ అమ్మకి మాత్రం మెట్లు వద్దు" అన్నాడు. కింద వాళ్లకి మూడు నెలల టైం ఇచ్చాం, పిల్లల పరీక్షలు అయ్యాకే పోతారు. ఈలోపు ఊళ్లో వాళ్లింటి బాత్రూం తలుపు తిప్పించి కడ్డీలు పెట్టించడానికి ఈ శనివారం పోతున్నా. సింగరాయకొండ అన్నా, మీ దగ్గర పనికొచ్చే మనిషి ఉంటే చెప్పండి.