ఉబుంటులో టర్బో సీ: కంట్రోల్ ఎఫ్9 కొడితే విండోనే ఎగిరిపోతంది

రాజాం_డిప్లొమా: మా ల్యాబ్‌లో ఇంకా ఆ పాత డాస్ కంపైలర్ టర్బో సీ ప్లస్ ప్లస్ 3.0 నే, ఇంట్లో ఏమో అన్నియ్య వాడేసిన లాప్‌టాప్, ఉబుంటు లినక్స్. డాస్ ప్రోగ్రాంలు నడిపే డాస్‌బాక్స్ వేసి ఫోల్డర్ మౌంట్ చేసీదాకా బానే ఉంది, ప్రోగ్రాం రాసి రన్ చేద్దామని కంట్రోల్ ఎఫ్9 కొట్టీసరికి మొత్తం మూసుకుపోనాది, సేవ్ కూడా చెయ్యలేదు. వైన్‌లో వేస్తే ఏటైనా నయమా?

బొబ్బిలోడు: నీ తప్పేటీ నేదు తమ్ముడూ, టర్బోలో రన్‌కి ఉన్న కీలే డాస్‌బాక్స్‌లో "మూసీ" అని. నాకూ రెండుసార్లు ఇలగే పోయింది. కంట్రోల్ ఎఫ్1 కొడితే కీమ్యాపర్ (ఏ కీ ఏం చెయ్యాలో మార్చీది) వస్తది, అందులో షట్‌డౌన్ మీద నొక్కి డెల్, తర్వాత సేవ్. అది చేసీదాకా పైన రన్ మెనూలోంచి నడుపు. అన్నట్టు ఫైల్ పేరు 8 అక్షరాలు దాటనీకు, తోక తెగిపోయి చివర్న ~1 అని కనపడతాది.

చీపురుపల్లి: వైన్ జోలికి ఎల్లకు, అది విండోస్ వాటికి, టర్బో డాస్‌ది. నేను విండోస్ కంపైలర్ ఒకటి, మింగ్‌డబ్ల్యూ, వైన్‌లో నడిపాను, కంపైల్ బాగానే అయింది, వచ్చిన ఈఎక్స్‌ఈ మాత్రం లినక్స్‌లో నేరుగా నడవదు, మళ్లీ వైన్‌తోనే. కంపైలర్ ఎక్కడ కూర్చుందన్నది కాదు, ఎవరికోసం కోడ్ తీస్తందన్నది చూడాలి, ఇది బుర్రకెక్కడానికి నాకు వారం పట్టింది. విండోస్ ఈఎక్స్‌ఈయే కావాలంటే ఉబుంటులోనే మింగ్‌డబ్ల్యూ క్రాస్ కంపైలర్ దొరుకుద్ది, ఈ తిప్పలే ఉండవు.

టెక్కలి_మేడం: పిల్లలూ ఇంకోటి. టర్బోలో ఇంట్ (int) రకం అంటే 2 బైట్లే, 32767 దాటితే తిరగబడిపోద్ది. 8 ఫ్యాక్టోరియల్ అక్కడ -25216 అని వస్తది, ఉబుంటులో వాడే జీసీసీ కంపైలర్‌లో 40320. ఇంట్లో జీసీసీలో చూసుకుని ల్యాబ్‌కొచ్చి "సిస్టమ్ పాడైంది మేడం" అంటారు ఏటా. టర్బోలో ఇంట్ బదులు లాంగ్ (long) పెట్టండి, ప్రింట్‌ఎఫ్‌లో %ld మర్చిపోకండి.

రాజాం_డిప్లొమా: కీమ్యాపర్ పన్చేసింది అన్నా!! మేడం, నాకూ మైనస్సే వచ్చింది, లూపు తప్పనుకుని రాత్రంతా దానిమీదే కూర్చున్నాను. గ్రాఫిక్స్‌కి ఇనిట్‌గ్రాఫ్‌లో ఏ పాత్ ఇవ్వాలి?

బొబ్బిలోడు: డాస్‌బాక్స్‌కి కనపడీది, సీ డ్రైవ్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్లుండే బీజీఐ ఫోల్డర్. బ్యాక్‌స్లాష్‌లు రెండేసి పెట్టు.