మైపాడు రోడ్డు మీద పిలకాయల రేసు: గేరు కొలత పెట్టాలా, వద్దా?

ఇందుకూరుపేట_కుర్రోడు
అందరికీ నమస్కారం. వచ్చే నెల మూడో ఆదివారం మన నెల్లూరు కాడ మైపాడు రోడ్డు మీద పదహారేళ్ల లోపు పిలకాయలకి 20 కిలోమీటర్ల రేసు పెడదామనుకున్నాం గదా. మొన్న కూర్చున్నప్పుడు గేరు కొలత కాడ మాట తెగలేదు. తెలియనోళ్ల కోసం చెప్తున్నా. సైకిల్ని అన్నిటికన్నా బరువు గేరులో పెట్టి, పెడలు కిందికి దించి, వెనక్కి నెడతారు. పెడలు ఒక చుట్టు తిరిగి మళ్లీ కిందికొచ్చేసరికి సైకిల్ ఎంత దూరం పోయిందో టేపుతో చూస్తారు. ఆ దూరానికి జూనియర్లకి చాలా ఏళ్లు 7.93 మీటర్ల హద్దు ఉండేది. అంటే పెడలు కాడి చక్రానికి 52 పళ్లు, వెనక చక్రం కాడ 14, అంతకన్నా పెద్ద గేరు ఉండకూడదని. వెనక పళ్లు తగ్గేకొద్దీ గేరు పెద్దదవుతుంది. 2023 జనవరి 1 నుంచి అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ 17, 18 ఏళ్లోళ్లకి దాన్ని ఎత్తేసింది. మనం ఏం చేద్దాం?

పెన్నాగట్టు
పెట్టాలి. ఇరవయ్యేళ్లుగా పొద్దున్నే పిలకాయల్ని రోడ్డెక్కిస్తున్నా, అందుకని చెప్తున్నా. నా దగ్గర పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు ఉండేవాడు, మాంచి తొక్కుడు. వాళ్ల మామ హైదరాబాదు నుంచి ఖరీదైన సైకిల్ తెచ్చిచ్చాడు, ముందు 53, వెనక 11. పెడలు ఒక్క చుట్టుకి పది మీటర్లు పోతుంది. వీడు ఎప్పుడు చూసినా అదే గేరు. ఆర్నెల్లకి మోకాలి చిప్ప కింద, కాలెముక మొదట్లో గోలీకాయంత బుడిపె లేచింది. మెట్లెక్కాలంటే గోడ పట్టుకునేవాడు. ఎదిగే వయసులో అక్కడ ఎముక గట్టిపడి ఉండదు, తొడ కండ బిగిసినప్పుడల్లా ఆ చోటే లాగుతుంది. డాక్టరు కొన్నాళ్లు మానెయ్యమన్నాడు. వాడు మళ్లీ సైకిలే ఎక్కలేదు.

ఇంకో లెక్క చూడండి. 7.93తో నిమిషానికి 90 చుట్లు తిప్పితే గంటకి 42 కిలోమీటర్ల పైనే. 120 తిప్పితే 57. పదిహేనేళ్లోడికి ఇంతకన్నా ఏం కావాలి? కాళ్లు తిప్పడం రానోడే పెద్ద గేరు వెతుక్కుంటాడు.

మాగుంట_రైడర్
డిరైలర్‌కి అదే, చైనుని వెనక పళ్లచక్రాల మీద అటూ ఇటూ జరిపేదానికి, హద్దు స్క్రూ ఉంటుంది గదా, అది బిగిస్తే చిన్న పళ్లలోకి చైను పడదు. దానికి ఒప్పుకుంటారా?

రొయ్యలగుంట
సార్, మీ అబ్బాయి మోకాలు సంగతి విన్నాం, ఇప్పుడు మా అబ్బాయి సంగతి వినండి. నిరుడు పక్క జిల్లాలో ఒక రేసుకి తీసకపోయినా. సెకండ్ హ్యాండ్ సైకిల్, ముందు 50 వెనక 11 నుంచి. మేత బిల్లు కట్టాల్సిన డబ్బుల్లో తీసి కొన్నది. మావాడు రెండోవాడుగా వచ్చినాడు. అప్పుడు పిలిచి కొలిచినారు. సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసున్నాయి. 11 కాడ కొలిస్తే గీత ఎక్కడికో దాటిపోయింది. మావాడు 'నేను 13 దాటి కిందికి పోలేదు సార్' అని ఏడ్చినాడు. సరే అని 13లో కొలిచినారు. 8 మీటర్ల 8 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు తేడా. పేరు కొట్టేసినారు.

ఫారంలో గేరు సంగతి ఒక్క ముక్క రాయలేదు. ముందే చెప్పుంటే ఆ స్క్రూనో ఏదో బిగించుకునేవాళ్లం గదా. ఇంటికొచ్చేదాకా, రెండున్నర గంటలు, బండి వెనక కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు వాడు. ఇప్పుడు మనమూ అదే పని చేద్దామా? అంతర్జాతీయం వాళ్లే ఎత్తేసినాక మనకెందుకు?

పెన్నాగట్టు
వాళ్లు ఎత్తేసింది 17, 18 ఏళ్లోళ్లకి. మనం మాట్లాడుతోంది పదమూడు, పద్నాలుగేళ్ల పిలకాయల గురించి. అది ఇది ఒకటెట్టా అవుతుంది?

స్క్రూకి నేను ఒప్పుకోను. చిన్న స్క్రూడ్రైవరు జేబులో ఉంటే అర నిమిషంలో విప్పుకోవచ్చు.

మాగుంట_రైడర్
రేసు మధ్యలో ఆగి స్క్రూ విప్పేవాడు ఎట్టా గెలుస్తాడు సార్?

పెన్నాగట్టు
స్టార్టుకి ముందు విప్పుతాడు బాబూ. కొలత అయినాక.

మాగుంట_రైడర్
అయితే రేసు అయినాక కూడా కొలవండి.

రొయ్యలగుంట
అయినాక కొలిచే నా బిడ్డని ఏడిపించింది. పైన రాసింది చదివినావా?

చైన్_నూనె
ఒంగోలు నుంచి. షాపు మనిషిగా రెండు మూడు మాటలు చెప్తా, కోపాలొద్దు.

స్క్రూ అన్ని సైకిళ్లకీ పనిచెయ్యదు. చాలావాటికి ఒకటి, మహా అయితే రెండు పళ్లచక్రాల వరకే ఆపగలదు. 50 ముందున్న సైకిల్లో 11, 12, 13 మూడూ ఆపాలి, అప్పుడుగానీ 14కి దిగి ఏడున్నర మీటర్లకి రాదు. కొన్నిటికి స్క్రూ పొడుగు చాలదు. షిమానో కంపెనీ అల్టెగ్రా రకంలో 11 స్పీడుకి 14-28 క్యాసెట్, అంటే 14 పళ్ల నుంచి 28 దాకా ఉండే వెనక చక్రాల కట్ట, జూనియర్ల కోసమే ఉండేది. దాన్ని ఇక్కడ స్టాకు పెట్టుకునే షాపు లేదు, నేనూ పెట్టలేను. ఏడాదికి ఒకరు అడుగుతారు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పట్లేదు. తక్కువ రేటు గేరు సైకిళ్లకి వెనక ఏడు పళ్లచక్రాల ఫ్రీవీలు ఉంటుంది, అది మామూలుగా 14 నుంచే మొదలు. ముందు 48 వేసుకున్నా 7.20 దాటదు. అంటే 7.93 హద్దు వాళ్లని తాకనే తాకదు. లక్ష రూపాయల సైకిల్ వాడినే వీళ్ల స్థాయికి దించుతుంది. పేదోడికి నష్టం అనేది నిజం కాదు. మధ్యలో ఉన్నోడికి, రొయ్యలగుంట అన్నలాగా సెకండ్ హ్యాండ్ కొన్నోడికి, నష్టం.

మోకాలు మాట కూడా. నొప్పి అని షాపుకొచ్చే పిలకాయల్లో ఎక్కువమందికి సీటు బాగా కిందికుంటుంది. కాలు నేలకి ఆనాలని వాళ్ల నాన్న దించేస్తాడు. సీటు రెండంగుళాలు లేపితే చాలామంది నొప్పి లేదన్నారు.

పెన్నాగట్టు
షాపాయన చెప్పిందే నేనూ చెప్తున్నా. గేరు కొలత పేదోడి వైపు ఉంది. ఇప్పటికైనా అర్థమైందా?

రొయ్యలగుంట
ఏం అర్థం కావాలి? అంత పేదోళ్ల వైపు ఉంటే మీరు తర్ఫీదిచ్చే వాళ్లలో రొయ్యల గుంటల కాడ పనిచేసే వాళ్ల పిల్లలు ఎంతమంది? ఒక్కరున్నారా? మీ పిలకాయలందరికీ కొలత ముందే తెలుసు, సైకిళ్లు ముందే సరిచేసుకోని వస్తారు. బయటోడు వస్తే కొలిచి పంపిస్తారు. ఇదేగదా జరిగేది యాడ చూసినా.

పెన్నాగట్టు
మాట జారకండి. నేనెవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు ఇన్నేళ్లలో. మీవాడు హద్దు దాటాడు, కొట్టేశారు. చిన్న పిల్లోడి ఏడుపు అడ్డం పెట్టుకుని నియమం తీసెయ్యమంటే ఎట్టా?

రొయ్యలగుంట
ఏడుపు అడ్డం పెట్టుకున్నానా. సరే సార్. చాలా సంతోషం.

కొత్తపట్నం_గాలి
పెద్దోళ్లు మీరే ఇట్టా అనుకుంటే ఎట్టా. మెల్లిగా.

కోవూరు_అమ్మ
మూడు రోజులనించి చదువుతున్నా, ఊరుకుందామనే అనుకున్నా. ఇంక రాస్తున్నా.

మా చిన్నమ్మాయికి పద్నాలుగు. దాని సైకిలు వాళ్లక్కకి బడికొస్తా పథకంలో గవర్నమెంటు ఇచ్చింది. ముందర బుట్ట ఉంటుంది, గేర్లు ఉండవు. రోజూ దాని మీదే స్కూలుకి పోతుంది, వస్తూ పాల క్యాను తెస్తుంది. నిన్న మీరు చెప్పినట్టే వాకిట్లో టేపు పరిచి కొలిచినాం, అది పట్టుకుంటే నేను నెట్టినా. ముందు 44 పళ్లు, వెనక 18. 5 మీటర్ల 10 సెంటీమీటర్లు. మీ 7.93కి యాడో కిందుంది.

రెండేళ్ల కిందట ఇట్టాంటి రేసుకే తీసకపోయినా. పొద్దున నాలుగున్నరకి లేచి బుట్ట ఊడదీసింది, మడ్‌గార్డు ఊడదీసింది, బరువు తగ్గుతుందని. పేర్లు రాసే టేబుల్ కాడ కూర్చున్నాయన సైకిల్ వంక ఒకసారి చూసి, 'అమ్మా, ఇది రేసుకి పనికిరాదు, మంచి సైకిల్ కొన్నాక తీసుకురండి' అన్నాడు. మేం రోడ్డు పక్కన నిలబడి రేసు చూసి వచ్చినాం. ఊడదీసిన మడ్‌గార్డు ఇంకా బిగించలేదు అది. బురదొస్తే వీపంతా మరకలే.

అందుకని అడుగుతున్నా. ఎనిమిది మీటర్లా, ఏడున్నరా అని కొట్టుకుంటున్నారు గదా. ఐదు మీటర్ల పిల్లని అసలు రానిస్తారా, లేదా?

వేదాయపాళెం_రాజు
అక్క అడిగినదానికి ముందు జవాబు చెప్పండి.

పెన్నాగట్టు
ఆ టేబుల్ కాడ కూర్చున్నది నేనేనమ్మా. మీ పాప మొహం గుర్తులేదు నాకు, బుట్ట ఊడదీసిన సైకిలు గుర్తుంది, హ్యాండిల్ కింద రెండు బోల్టులు ఖాళీగా ఉన్నాయి. ఆ మాట అన్నది నేనే.

ఎందుకన్నానో చెప్తా, ఒప్పుకోవాలని కాదు. అంతకు ముందు ఏడాది అందర్నీ రానిచ్చాం. కడ్డీ బ్రేకుల పాత సైకిల్ మీద ఒక బాబు వచ్చాడు. మొదటి మలుపులో ముందోళ్లు నెమ్మదించారు, వాడికి బ్రేకు పడలేదు, గుంపులోకి దూరాడు. నలుగురు పడ్డారు. ఒక పిల్లోడికి కాలర్ బోన్ విరిగింది. వాళ్ల నాన్న ఆసుపత్రి వరండాలో నా చొక్కా పట్టుకుని 'ఎవరు రానిచ్చారు ఆ సైకిల్ని' అని అడిగాడు. రానిచ్చింది నేను. ఆ కాగితం మీద సంతకం నాది. ఆ రోజునుంచి మామూలు సైకిల్ కనపడితే నాకు గుండె దడ. గేరు సంగతి వేరు, ఇది వేరు. రెండూ కలిపేసి మాట్లాడుతున్నా ఇన్నాళ్లూ, అది మాత్రం నిజం.

రొయ్యలగుంట గారూ, మీ అబ్బాయి గురించి అట్లా అనకుండా ఉండాల్సింది.

కోవూరు_అమ్మ
అయితే బ్రేకులు చూడండన్నా. గేర్లు చూసి పంపించేస్తే ఎట్టా? దాని సైకిల్‌కి బ్రేకులు పడతాయి, వాళ్ల నాన్న రబ్బర్లు మార్చినాడు పోయిన నెల.

చైన్_నూనె
ఒక లెక్క అక్కకి ముందే చెప్పడం మంచిది. 5.10తో నిమిషానికి 90 తిప్పితే గంటకి 27 కిలోమీటర్లు. సైకిల్ బరువు ఇరవై కిలోల దగ్గరుంటుంది. తర్ఫీదున్న పిలకాయల గుంపు 35 దాటి పోతుంది. మొదటి కిలోమీటర్లోనే వెనకబడుతుంది. తర్వాత మిగతా పందొమ్మిది కిలోమీటర్లు ఒక్కతే తొక్కాలి. అది పిల్లకి బాగుంటుందా?

ఇందుకూరుపేట_కుర్రోడు
గేర్లు లేని సైకిళ్లకి వేరే రేసు పెడితే? పది నిమిషాలు ముందు వదులుదాం, 8 కిలోమీటర్లు. బహుమతులు కూడా వేరే.

రొయ్యలగుంట
వేరే పంక్తి వేసి కూర్చోబెడతారా? నాకు నచ్చలా. అందరూ ఒకేచోట మొదలవ్వాల.

కోవూరు_అమ్మ
రొయ్యలగుంట అన్నా, మీ మాట నాకోసమే అని తెలుసు. కానీ దాన్నే అడిగినా. 'ఎవరో ఒకరు నా పక్కన ఉండాల, నేను దాటాల' అనింది. వెనక ఒక్కతే తొక్కేదాని కన్నా దానిలాంటి సైకిళ్లు పది ఉంటే దానికి రేసు. వేరేగా పెట్టండి. 8 చాలదు, 12 పెట్టండి.

పెన్నాగట్టు
12 పెడదాం. ముందురోజు శనివారం సాయంత్రం బ్రేకులు నేనే చూస్తా, ఒక్కో సైకిలూ తోసి చూస్తా. పడనివాటికి రబ్బర్లు నేను తెస్తా, ఒక పాకెట్టు ఉంది ఇంట్లో. మీ పాప మడ్‌గార్డు కూడా పట్టుకురమ్మనండి, బిగిస్తా.

గేరు సైకిళ్ల రేసుకి మాత్రం కొలత ఉండాలనే నేనంటా. దాంట్లో మారలేదు.

రొయ్యలగుంట
ఉండనీండి. ఫారం మీదే పెద్దక్షరాల్లో రాయండి, శనివారమే కొలవండి, స్క్రూకి ఒప్పుకోండి, కొలత అయినాక స్క్రూ మీద లక్క సీలు వేయండి. రేసు అయినాక టేపు తీయొద్దు, సీలు చూడండి చాలు. ఇంతవరకూ అయితే మావాడికి చెప్తా. వస్తాడో రాడో తెలీదు, నిరుటినుంచి ఆ సైకిల్ గొడ్లపాకలో గోనెపట్ట కప్పుకొని ఉంది.

చైన్_నూనె
లక్క అక్కర్లా అన్నా, గోళ్ల రంగు చుక్క చాలు. విప్పితే పగులుతుంది, దాచలేరు. శనివారం సాయంత్రం నేనూ వస్తా ఒంగోలు నుంచి. పొడుగు స్క్రూలు ఓ ఇరవై ఏరి పెడతా. మీవాడి డిరైలర్ ఏ కంపెనీదో గోనెపట్ట తీసి చూసి చెప్పండి.