బావిలో దిగే మెట్టు రాళ్ళు: నిచ్చెన కాకుండా ఎక్కడానికి ఇంకో బ్లాక్ కావాలి

పల్నాటి మామయ్య:

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, పదకొండేళ్ళు. శని, ఆదివారాల్లో నేను మందుల షాపు షట్టర్ దించి, అన్నం తిని, రాత్రి పదిన్నరకి లాప్‌టాప్ తెరిస్తే వాడికి అక్కడ మధ్యాహ్నం పన్నెండు. ఇద్దరం కలిసి బ్లాకులు పేర్చి కట్టే కంప్యూటర్ ఆట మైన్‌క్రాఫ్ట్‌లో (జావా రకం) మా పాత ఇల్లు, అంటే వాడి అమ్మమ్మగారి ఇల్లు కడుతున్నాం. వసారా అయింది, పెంకుల కప్పు అయింది, కుడితి గోలెం బదులు కాల్డ్రన్ పెట్టాం. ఇప్పుడు బావి దగ్గర ఆగిపోయాం.

ఆ బావి వాడు చూడలేదు. వాడు పుట్టకముందే పైన స్లాబు వేసేశారు. అందుకే వాడు 24 బ్లాకుల లోతు తవ్వి, చుట్టూ రాయి పేర్చి, లోపల చక్కగా నిచ్చెన దించి "అయిపోయింది మామయ్యా" అన్నాడు. నాకు ప్రాణం ఒప్పలేదు. మా వైపు పాత బావుల్లో నిచ్చెనలు ఉండవు. కట్టుబడిలోనే జానెడు జానెడు రాళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకటి కుడికి, దాని కింద ఒకటి ఎడమకి, అలా నీళ్ళ దాకా. ఎండాకాలం పూడిక తీయడానికి మా పెదనాన్న వాటి మీదే దిగేవాడు. ముందు బొటనవేలితో రాయిని తడిమి, పాచి ఉందో లేదో చూసుకుని, అప్పుడు బరువు వేసేవాడు. పాతాళగరిగెకి చిక్కని చేద ఉంటే దాన్ని చంకన పెట్టుకుని మళ్ళీ అవే రాళ్ళ మీద పైకి. నేను ఓసారి మూడు రాళ్ళు దిగి, కిందికీ పోలేక, పైకీ రాలేక గోడకి అతుక్కుపోయాను. నాయనమ్మ గట్టు మీద నుంచి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆటలో ఇది ఎలా చేయాలో తోచడం లేదు. నిచ్చెన పెడితే రాతి బావికి చెక్క అతుకు వేసినట్టుంది. పైగా మీట వదిలితే మనం నెమ్మదిగా కిందికి జారతాం, వంగి పట్టుకుంటేనే ఆగుతాం. తీగలు పాకించి చూశాం, కత్తిరించకపోతే అవి వాటి ఇష్టం వచ్చినట్టు దిగిపోతున్నాయి. పరంజా (స్కాఫోల్డింగ్) ఉంది కదా అన్నాడు వాడు. ఆరు వెదుర్లు, ఒక దారం పెడితే ఆరు వస్తాయి, చౌకే. కానీ అది బావి నడిమధ్య టవర్‌లా నిలబడింది, గిలక మీద నుంచి చేద దించే చోటే లేకుండా పోయింది. అడుగున ఒక్కటి విరిగితే మొత్తం కూలుతుంది.

నా ఆలోచన ఇది, ఆట తయారుచేసే మొజాంగ్ వాళ్ళ సూచనల సైట్‌లో పెట్టే ముందు మీరు చీల్చి చెండాడండి.

పేరు: మెట్టు రాయి. మూడు రాతి పలకలు ఐమూలగా పెడితే ఆరు రావాలి. గోడకి అంటించేది, బ్లాకులో కాస్త కుడికో ఎడమకో పెట్టుకోగలగాలి. ఎక్కే వేగం నిచ్చెన కన్నా తక్కువైనా పర్వాలేదు (నిచ్చెన మీద సెకనుకు రెండు బ్లాకుల పైచిలుకు పోతాం, అది కోతి వేగం). ముఖ్యమైన సంగతి ఒకటే: మీట వదిలినా జారకూడదు. రాయి మీద నిలబడాలి. ఇప్పుడు నిచ్చెన మీద వేలాడుతూ గోడ తవ్వితే, కాళ్ళు నేల మీద లేవని ఆట లెక్కగట్టి తవ్వే వేగాన్ని ఐదో వంతుకి తగ్గించేస్తుంది. లోతు బావి మధ్యలో ఆగి పక్కకి తవ్వాలంటే విసుగొచ్చేస్తుంది. మెట్టు రాయి మీద నిలబడితే మామూలు వేగమే ఉండాలి. ప్రమాదం మాత్రం ఉండాల్సిందే. ఆటలో మూడు బ్లాకులు దాటాక పడే ప్రతి బ్లాకుకీ అర గుండె పోతుంది, 23 పడితే మనిషికున్న పది గుండెలూ ఖాళీ, చావే. మా బావి 24. అడుగున రాయే, నీళ్ళు ఇంకా పోయలేదు.

ఏమంటారు?

రెడ్‌స్టోన్ బుజ్జి:

అన్నా, ఇంత తిప్పలు ఎందుకు? నీళ్ళు నింపి అడుగున సోల్ సాండ్ అనే ఇసుక బ్లాకు వెయ్. బుడగలే నిన్ను పైకి విసిరేస్తాయి, నిచ్చెన కన్నా ఎన్నో రెట్లు స్పీడు. దిగడానికి పక్కన ఇంకో గొట్టం, అడుగున మాగ్మా బ్లాకు, కిందికి లాగేస్తుంది. ఆట 1.13 వెర్షన్ నుంచి ఉన్నదే. ఒక్కటి గుర్తుంచుకో, గొట్టంలో ప్రతి బ్లాకూ పారే నీళ్ళు కాకుండా సోర్స్, అంటే నిలిచి ఉండే నిండు నీళ్ళు, అవ్వాలి. బకెట్‌తో ఒక్కోటీ పోయకుండా కింద నుంచి పై దాకా కెల్ప్ (సముద్రపు నాచు) నాటి పీకెయ్, అన్నీ సోర్స్ అయిపోతాయి.

పల్నాటి మామయ్య:

బుజ్జీ, కెల్ప్ చిట్కా నాకు తెలీదు, థాంక్స్. ఆటలోని మా పొలంలో బోరు గొట్టం కట్టేటప్పుడు వాడతాను. కానీ నువ్వు చెప్పింది లిఫ్టు నాయనా, బావి కాదు. మా పెదనాన్న బుడగల మీద పైకి లేచి వచ్చాడంటే ఊళ్ళో గుడి కట్టేవాళ్ళు.

నల్గొండ తమ్ముడు:

అన్నా, బావి సంగతి బాగుంది గానీ, నన్నడిగితే ముందు మోకు కావాలి. మా తాత తాళ్ళు ఎక్కేటోడు. నడుముకీ చెట్టుకీ కలిపి మోకు, కాళ్ళకి తాడు బంధం. మోకుని పైకి ఎగరేసి, వెనక్కి వాలి, కాళ్ళు జరుపుకుంటూ పోవుడే. చెట్టుకి ఏం కొట్టేది లేదు, బిగించేది లేదు, దిగినంక చెట్టు ఎట్లున్నది అట్లనే ఉంటది. బ్లాకు కాదు, చేతిలో పట్టుకునే వస్తువు లాగా ఉండాలె. జంగిల్ చెట్లు, పెద్ద స్ప్రూస్ చెట్లు ఎక్కనీకి మస్తుంటది. ఇప్పుడైతే చెట్టు పక్కన మట్టి బ్లాకులు పెట్టుకుంట ఎక్కి, దిగేటప్పుడు అన్నీ పీకాలె.

గీత:

మామయ్యగారూ, రెండు మాటలు.

ఒకటి, మీరు అడిగే "ఎక్కాలి, నిలబడాలి కూడా" అన్నది ఆటలో ఇప్పటికే ఉంది. పరంజానే చూడండి. లోపల జంప్ నొక్కితే ఎక్కుతాం, వదిలితే ఆ అంతస్తు పలక మీదే నిలబడతాం, వంగితే దిగుతాం. 1.14లో, అంటే 2019లోనే వచ్చింది. కాబట్టి సూచన రాసేటప్పుడు "కొత్త రకం కదలిక కావాలి" అనకండి. "పరంజాలా పనిచేసేది, గోడకి అంటేది, రాతిది" అనండి. కొత్తగా కనిపెట్టేది ఎంత తక్కువుంటే చదివేవాళ్ళు అంత ఓపిగ్గా చదువుతారు. మోకు దీంతో కలపకండి, దానికి విడిగా ఇంకో పోస్టు పెట్టమనండి తమ్ముడిని.

రెండు, వాళ్ళు పెట్టేదాకా ఆగక్కర్లేదు. జావాలో ఏ బ్లాకులు ఎక్కదగ్గవో ఒక ట్యాగ్‌లో, అంటే జాబితాలో, రాసి ఉంటుంది, దాని పేరు క్లైంబబుల్. నిచ్చెన, తీగ, పరంజా, నెదర్ అనే పాతాళ లోకంలోని వీపింగ్, ట్విస్టింగ్ తీగలు, గుహల్లో కాసే కేవ్ వైన్స్, అన్నీ ఆ జాబితాలోవే. మీ కాళ్ళున్న చోటి బ్లాకు జాబితాలో ఉందా లేదా అని ఆట చూస్తుంది, ఉంటే ఎక్కనిస్తుంది. డేటాప్యాక్‌తో (ఆట నియమాలు మార్చే చిన్న ఫైళ్ళ మూట) ఆ జాబితాలో మీకు కావలసిన బ్లాకు కలపొచ్చు, కోడింగ్ రానక్కర్లేదు. రాతి బటన్ (తలుపు పక్కన పెట్టే చిన్న నొక్కుడు మీట) కలిపి చూడండి. గోడకి అంటించిన బటన్ అచ్చం మీరు చెప్పిన రాయిలాగే బయటికి ఉబ్బి ఉంటుంది, మనిషికి అడ్డు తగలదు. గొలుసు జోలికి పోకండి, దానికి మూడు పిక్సెళ్ళ మందం ఉంది, నడిమధ్య నిలబడనివ్వదు, అంచుకి అతుక్కుని ఎక్కాలి.

ఫైల్లో "రీప్లేస్" అన్న చోట ఫాల్స్ అనే ఉంచండి. ట్రూ పెడితే మీ బటన్ తప్ప ఆటలోని నిచ్చెనలన్నీ పనిచేయడం మానేస్తాయి. నేను ఒకసారి అలా చేసి గనిలో ఇరుక్కున్నాను.

పల్నాటి మామయ్య:

వారం తర్వాత వచ్చాను. గీతగారూ, మీకు చెయ్యెత్తి దండం.

మొదటి రెండు రాత్రులు ఏమీ పనిచేయలేదు. బటన్ల మీదకి పోతే గోడకి ముక్కు రాసుకుంటూ నిలబడటమే. ఫైలు పదిసార్లు చదివాను, కామాలు లెక్కపెట్టాను. చివరికి తేలిందేంటంటే నేను చూసింది పాత వీడియో. అందులో ఫోల్డర్ పేరు "బ్లాక్స్" అని ఉంది. 1.21 నుంచి దాన్ని "బ్లాక్" చేశారు. ఒక్క అక్షరం! మందుల పేర్లలో ఒక్క అక్షరం తేడాకి ఎంత జాగ్రత్తగా ఉంటానో, ఇక్కడ అంత మొద్దులా ఉన్నాను. పేరు మార్చి రీలోడ్ కొట్టగానే మేనల్లుడు సర్రున పైకి పోయాడు.

ఇంకో చిక్కు. రాతి బటన్ కలిపితే ప్రపంచంలో ఉన్న రాతి బటన్లన్నీ ఎక్కదగ్గవి అయిపోయాయి. వసారా తలుపు పక్క బటన్ దగ్గర జంప్ కొడితే మనిషి గాల్లోకి పాకుతున్నాడు. అందుకని దాన్ని తీసేసి, పాలిష్ చేసిన బ్లాక్‌స్టోన్ బటన్ పెట్టాం. అది మేం ఇంకెక్కడా వాడలేదు. రంగు నల్లగా ఉంది, కానీ తడిసిన రాయి అనుకుంటే సరిపోయింది.

ముందు ఒకే వరుసలో పై నుంచి కింది దాకా పెట్టాం. బానే ఉంది గానీ అది నిచ్చెనే, రాతి నిచ్చెన. తర్వాత నేను ఒకటి కుడికి, పై బ్లాకులో ఎడమకి, అలా రెండు వరుసల్లో మార్చి మార్చి పెట్టాను. ఇక్కడ తమాషా జరిగింది. కుడి రాయి అంచు దాకా ఎక్కగానే పైన రాయి లేదు, అక్కడే మనిషి పైకీ కిందికీ ఊగుతున్నాడు. ఆ ఊపులో పైకి లేచినప్పుడు ఎడమకి జరిగితే ఎడమ రాయి అందుతుంది. కిందికి దిగినప్పుడు జరిగితే కాలు ఖాళీలో పడి జారతాం. నేను కీబోర్డు మీద చూపుడువేలు, ఉంగరపు వేలు మార్చి మార్చి నొక్కుతూ, ఊపిరి బిగబట్టి ఎక్కాను. ముప్ఫై ఏళ్ళ కిందట మూడో రాయి మీద ఉన్న టెన్షనే.

కొరతలు కూడా చెప్తాను, బ్లాకు ఎందుకు కావాలో తెలియడానికి. మీట వదిలితే జారుతూనే ఉన్నాం, నిలబడటం లేదు. మధ్యలో తవ్వితే అదే ఐదో వంతు వేగం. టార్చ్ పెట్టబోయి కుడి క్లిక్ బటన్ మీద పడితే టక్‌మని నొక్కుకుంటుంది. నీళ్ళు తగిలితే బటన్లు ఊడి తేలిపోతాయి, బకెట్ పోసిన మొదటి రోజు పద్నాలుగు రాళ్ళు పోయాయి. నిచ్చెనని అయితే నీళ్ళలో ముంచినా ఊడదు. కాబట్టి సూచనలో ఇప్పుడు ఇలా రాస్తున్నాను: పరంజాలా నిలబడనివ్వాలి, నిచ్చెనలా నీళ్ళని ఓర్చుకోవాలి, గోడకి అంటాలి, కుడి ఎడమల తేడా ఉండాలి. ఇంతే. ఐమూల రెసిపీ గురించి పట్టుబట్టను.

రెడ్‌స్టోన్ బుజ్జి:

అన్నా, ఆ ఊగే తమాషా వీడియో తియ్. మా సర్వర్‌లో దీంతోనే పార్కూర్ (గెంతుతూ దాటే పోటీ) పెడతా. ఫైలు కూడా పంపు.

గీత:

ఆ నాలుగు షరతుల్లో కుడి ఎడమల తేడా చివర్న పెట్టండి, "ఉంటే బాగుంటుంది" అని. మిగతా మూడూ ఆటలో ఉన్నవే కాబట్టి ఎవరూ కాదనలేరు. నీళ్ళ మట్టం కింద బటన్లు అక్కర్లేదు, ఈదొచ్చు కదా. పై నుంచి నీటి అంచుకి ఒక బ్లాకు పైదాకా పెట్టి వదిలేయండి.

పల్నాటి మామయ్య:

అలాగేనండి. బుజ్జీ, ఫైలు రేపు పెడతాను, ఈ రాత్రికి మాకు ఇంకో పని పడింది. కట్టుబడి సందుల్లో పావురాలు ఉండేవని వాడితో నోరు జారాను. ఆటలో పావురాలు లేవు. ఒక బూడిద రంగు చిలకని పట్టుకొచ్చి ఏడో రాయి దగ్గర కట్టేశాం. ఇంకో మూడు కావాలంటున్నాడు, అడవి రెండు వేల బ్లాకుల దూరం.